యాదయ్య మాస్టర్ ఊదని పేజీన్నర

దయ్యాలూ భూతాలూ ఉన్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు కూడా నమ్మను. మాది మెదక్ వైపు నుంచి వచ్చి సికింద్రాబాదులో స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. నాన్న చర్చిలో క్వయిర్ మాస్టర్. ఎవరికో గాలి సోకిందని ఇంట్లో మాట వస్తే, "ముందు జ్వరం చూడండ్రి, తర్వాత ప్రార్థన చేద్దాం" అనే మనిషి. నేను ఆయన కూతుర్ని.

పైగా ఇరవై ఎనిమిదేళ్ళు ఆబిడ్స్‌లో ఒక ఆఫీసులో స్టెనోగ్రాఫర్‌గా పనిచేశాను. అవతలి మనిషి అన్నది రాయాలి, అననిది రాయకూడదు. ఆ పని తిండి పెట్టింది, ఆ పనే నాకు కాస్త పొగరు కూడా ఇచ్చింది. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇది నా చెయ్యి వినని దాన్ని రాసిన సంగతి.

షార్ట్‌హ్యాండ్ తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. మంచి స్టెనో మాట్లాడే మనిషితో సమానంగా రాయదు. నాలుగైదు మాటలు వెనక నడుస్తుంది. చెవి ముందు, చెయ్యి వెనక. ఆఫీసర్ మాట ఆపేసినా నా పెన్సిల్ ఇంకో ముక్క దాకా కదులుతూనే ఉంటుంది. కొత్తగా వచ్చిన ఆఫీసర్లు అది చూసి, ఈవిడ సొంత కవిత్వం ఏమైనా కలుపుతోందా అన్నట్టు చూసేవాళ్ళు. కలిపేదాన్ని కాదు, బకాయి తీర్చుకునేదాన్ని.

యాదయ్య మాస్టర్ నాంపల్లి స్టేషన్‌కి ఎదురు సందుల్లో ఉండే ఒక పెళ్ళి బ్యాండులో సాక్సఫోన్ ఊదేవారు. అప్పటికి ఆయనకి యాభై దాటాయి. ముప్పై ఏళ్ళుగా బరాత్ ఊరేగింపులో గుర్రం ముందు నడుస్తూ, తాగి ఎగిరేవాళ్ళు ఏ పాట అడిగితే ఆ పాట ఊదిన మనిషి. ఆ అడగటాన్ని వాళ్ళు ఫర్మాయిష్ అంటారు. ఆయనకి ఆ మాట వింటేనే ఒళ్ళు మంట.

తొంభైల మొదట్లో ఎప్పుడో, మైకుసెట్టు పెట్టే స్నేహితుడి వెంట ఆయన ఒక విదేశీ బృందం కచేరీకి వెళ్ళారట. గోడ పక్కన నిలబడి విన్నారు. ఆ సంగతి నాకు నాలుగైదుసార్లు చెప్పి ఉంటారు. "ఒక తెల్లాయన పాట లేకుండ గంటసేపు ఊదిండు, సుగుణమ్మా. ఒక్కడు లేసిపోలే. మనకు పాట ఉన్నా పది నిమిషాలు నిలవనియ్యరు." తర్వాత ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల మధ్య, అట్ట లేని ఒక క్యాసెట్ దొరికింది. అందులోనూ అలాంటి వాయిద్యమే. అంతే, పిచ్చి పట్టింది. ఎవరి పిచ్చి వారికి ఆనందం కదా.

మా తమ్ముడు విక్టర్ చర్చిలో బేస్ గిటార్ వాయించేవాడు. ఒక పెళ్ళిలో మాస్టర్‌ని కలిసి ఆయన వెంటపడ్డాడు. దీన్ని ఫ్రీ జాజ్ అంటారని చెప్పింది వాడే. మాస్టర్‌కి ఆ పేరు నోట్లో ఆగలేదు, అడ్డూ ఆపూ లేనిదని ఖుల్లా అన్నారు. మూడో మనిషి ఖాజా, అదే బ్యాండులో సైడ్ డ్రమ్ము. ముగ్గురూ ఖుల్లా వాయించేది ముహూర్తాలు లేని నెలల్లోనే. ఆషాఢం వచ్చినా మూఢం వచ్చినా ఊళ్ళో పెళ్ళిళ్ళు ఆగిపోతాయి, బ్యాండు ఖాళీ. ఆదివారం మధ్యాహ్నం బ్యాండు దుకాణం పైగదిలో, కొక్కేలకి వేలాడే ఎర్ర కోట్ల మధ్య కూర్చునేవాళ్ళు. లోకమంతా శుభం లేదని మూసుకుని కూర్చున్న రోజులు వీళ్ళకి పండగ.

నేను మొదటిసారి వెళ్ళింది తమ్ముణ్ణి నాలుగు తిట్టి ఇంటికి తీసుకుపోదామని. చర్చి నుంచి నేరుగా వెళ్ళాను. విన్నది పిల్లుల పోట్లాటలా ఉంది. అయినా ఒక విషయం నన్ను కూర్చోబెట్టింది. పాట లేదు, తాళం లేదు, ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. కానీ ముగ్గురూ ఒక్కసారే మలుపు తిరిగేవాళ్ళు, ఒక్కసారే ఆగేవాళ్ళు. ఎక్కడ ఆగాలో వీళ్ళకి ఎట్లా తెలుస్తోంది అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మళ్ళీ ఆదివారం వెళ్ళాను. తర్వాత ఎవరూ నన్ను పిలవక్కర్లేకపోయింది.

నాన్న మాకు చిన్నప్పుడే టోనిక్ సోల్‌ఫా నేర్పారు. డో రే మీల మొదటి అక్షరాలతో స్వరాలు రాసే పద్ధతి అది, మన చర్చిల్లో పాత క్వయిర్లన్నిటికీ అదే ఆధారం. విక్టర్ టేపురికార్డర్ ఒకటికి రెండుసార్లు టేపు నమిలేసింది. దాంతో వాడు, "అక్కా, నువ్వు రాసిపెట్టు" అని చెవిలో జోరీగలా తయారయ్యాడు. మొత్తం రాయటం ఎవరి వల్లా కాదు. నేను మాస్టర్ ఊదేది మాత్రమే, షార్ట్‌హ్యాండ్ గీతలూ సోల్‌ఫా అక్షరాలూ కలిపి రాసేదాన్ని. గాలి శబ్దానికి ఒక గుర్తు, అరుపుకి ఒకటి, కీచుకి ఒకటి.

మాస్టర్ ఒప్పుకున్నారు కానీ ఒక షరతు పెట్టారు. "రాసుకో బిడ్డా. నాకు చూపియ్యకు, సదివి వినిపియ్యకు. ఒకపారి ఊదింది మల్ల ఊదినమంటే గది గూడ ఫర్మాయిషే." ఆయనకి ఏ లిపీ చదవటం రాదు, అది వేరే సంగతి. అయినా మాట ఇచ్చాను, ఇచ్చిన మాట తప్పలేదు.

నాలుగైదు ఏళ్ళు ఇట్లాగే నడిచింది. తొంభైల చివర్లో మాస్టర్ చిగుళ్ళు పాడయ్యాయి. పళ్ళు కదులుతున్నాయి, ఊదితే రక్తం. దవాఖానలో పై పళ్ళు మొత్తం తీసేయాలన్నారు. సాక్సఫోన్ మూతిని పై పళ్ళతో ఆనించి పట్టుకోవాలి. కట్టుడు పళ్ళతో ఆ పట్టు వస్తుందో రాదో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ వారం ఆయన మాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "పళ్ళదేముంది, మెత్తగ వండిపిచ్చుకొని తింట. గిది పోతే నేను ఎవన్ని?"

మంగళవారం పళ్ళు తీస్తారు. ముందు ఆదివారం ఆయన సొంత పళ్ళతో ఆఖరుసారి కూర్చున్నాం. ఆషాఢం, సన్నగా వాన. కింద దుకాణం షట్టర్ సగం దించి ఉంది. విక్టర్ కొత్త టేపు పెట్టాడు. మాస్టర్ కింది స్వరాల్లో చాలాసేపు తిరిగారు, ఎక్కడా తొందరపడలేదు. ఖాజా కర్రలు పక్కన పెట్టి వేళ్ళతో వాయిస్తున్నాడు. నేను ఎప్పటిలాగే నాలుగు స్వరాలు వెనక రాసుకుంటూ పోతున్నాను. తల ఎత్తితే ఏడుపొస్తుందేమోనని కాగితం మీంచి చూపు తీయలేదు.

కాసేపటికి భుజం మీద చెయ్యి పడింది. ఖాజా. "అక్కా, ఖతమ్ అయిపోయింది" అన్నాడు. చూస్తే మాస్టర్ సాక్సఫోన్ కుర్చీలో పెట్టి, నోటికి దస్తీ అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చున్నారు. దస్తీ ఎర్రగా ఉంది. నేను మామూలుగా నా బకాయి రాసుకుంటున్నాననే అనుకున్నాను. నోట్‌బుక్ మూసేసి ఆయనకి నీళ్ళు తేవటానికి కిందికి దిగాను.

మర్నాడు ఆఫీసుకి అదే నోట్‌బుక్ తీసుకుపోయాను. ఉన్న కాగితం వృథా చేయటం నాకు చేతకాదు. ఆదివారం రాత ఆగిన చోట అడ్డగీత కొట్టి, అదే పేజీలో సోమవారం పొద్దుటి డిక్టేషన్ తీసుకున్నాను. ఆ ఉత్తరం టైపు ప్రతి ఆఫీసు ఫైల్లో తేదీతో సహా ఉండేది. ఇది ఎందుకు చెప్తున్నానో ముందుకు పోతే తెలుస్తుంది.

ఆ శనివారం సాయంత్రం టేపు పెట్టుకుని సాఫు ప్రతి రాయటానికి కూర్చున్నాను. అంతా సరిగ్గానే కుదురుతూ వచ్చింది. ఒక చోట టేపులో మాస్టర్ ఊదటం ఆపేశారు. సాక్సఫోన్ కుర్చీకి తగిలిన చప్పుడు, ఆయన దగ్గు, కాసేపు నిశ్శబ్దం, ఖాజా గొంతు, "అక్కా, ఖతమ్ అయిపోయింది." నోట్‌బుక్‌లో మాత్రం ఇంకా రాత ఉంది. నాలుగు స్వరాలు కాదు. పేజీన్నర.

మొదట టేపునే అనుమానించాను. మధ్యలో తెగిందేమో అని మూడుసార్లు విన్నాను, తెగలేదు. ముందు ఊదిందే పొరపాటున రెండోసారి రాశానేమో అని వరసకి వరస పోల్చాను, ఎక్కడా కలవలేదు. పోనీ నేనే అల్లానా అంటే, నాన్న బతికుండగా నాచేత ఒక్క భజన కీర్తనకైనా వరస కట్టించాలని ఎంతో తంటాలు పడ్డారు. నావల్ల కాలేదు. విన్నది రాస్తాను, అంతకు మించి నాకు విద్య లేదు.

ఇంకో చిక్కు. ఆ పేజీన్నరలో ఏడు చోట్ల స్వరం కింద చిన్న సున్నా ఉంది. నాకున్న గుర్తులు మూడే. సున్నా నాది కాదు. నా చేతి రాతే, నా పెన్సిలే, కానీ దాని అర్థం నాకే తెలియదు.

విక్టర్‌కి చూపిస్తే నవ్వాడు. "నీకు కంపోజింగ్ వచ్చిందక్కా, నాన్న ఉంటే సంతోషపడుతుండె." నాకు కోపం వచ్చి రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. నోట్‌బుక్ బీరువాలో పెట్టేశాను. అయినా ఊరుకోలేక అప్పుడప్పుడు హార్మోనియం మీద ఆ వరసలు వాయించి చూసేదాన్ని. వాయించి వాయించి నాకు కంఠతా వచ్చేసింది.

మాస్టర్‌కి కట్టుడు పళ్ళు పెట్టారు. మేం భయపడ్డట్టే అయింది. ఊదబోతే పళ్ళు కదిలిపోయేవి, స్వరం పగిలిపోయేది. బ్యాండు యజమాని మంచివాడు, ఆయన్ని మాన్పించలేదు. కోటు తొడిగి ముందు వరసలో నిలబెట్టి చేతికి గిలక, అదే తాళానికి ఊపే గిలక్కాయ, ఇచ్చాడు. ఒక సాయంత్రం లక్డీకాపూల్ దగ్గర బరాత్ అడ్డం వచ్చి మా బస్సు ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే ముందు నడుస్తున్నది మాస్టరే. గిలక ఊపుతున్నారు, ముఖంలో ఏమీ లేదు. ఆయన చూపు నా వైపు తిరుగుతుందనిపించి నేను తల తిప్పుకున్నాను. ఆ పని చేసినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

రెండేళ్ళు గడిచాయి. రెండువేల సంవత్సరం దాటింది. మళ్ళీ ఆషాఢం వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం భోజనం వేళ ఖాజా ఆఫీసుకి వచ్చాడు. "మాస్టర్ రమ్మన్నరక్కా. ఆదివారం ఖుల్లా." నేను నమ్మలేదు. అతనే చెప్పాడు, ఆర్నెల్ల నుంచి మాస్టర్ ఎవరికీ తెలియకుండా పొద్దున్నే దుకాణానికి వచ్చి సాధన చేస్తున్నారట. సైకిల్ ట్యూబు ముక్క కోసి సాక్సఫోన్ మూతి మీద అంటించారట, పళ్ళు జారకుండా. సాధన చేసేవి కూడా ఒట్టి పొడుగు స్వరాలే అట, పాట లేదు ఏమీ లేదు. ఆ ఆదివారం ఆయన ఊదగలిగితే ఊదినట్టు, లేకపోతే వాయిద్యం ఇక వదిలేస్తానని ఇంట్లో చెప్పారట.

కొత్త నోట్‌బుక్ తీసుకుని వెళ్ళాను. పాతది బీరువాలోనే ఉంది. ప్రార్థన చేసుకున్నాను, ఒక్క పది నిమిషాలు నిలబడనియ్యి తండ్రీ అని.

మాస్టర్ ఊపిరి తీసుకుని మొదలుపెట్టారు. స్వరం సన్నగా ఉంది, అయినా పగల్లేదు. నేను రాయటం మొదలుపెట్టాను. మొదటి వరస అయింది, రెండోది సగం అయింది. అప్పుడు గమనించాను, నా చెయ్యి వెనక లేదు. ఆయనతో సమానంగా నడుస్తోంది. తర్వాత ఏ స్వరం వస్తుందో నాకు ముందే తెలుస్తోంది. ఎందుకు తెలుస్తోందో అర్థం కావటానికి ఇంకో వరస పట్టింది. హార్మోనియం మీద రెండేళ్ళు నేను వాయించింది అదే.

పెన్సిల్ ఆపేశాను. భయం వేసిందా అంటే, భయం కన్నా ముందు వింతగా అనిపించింది. లెక్క సరిచూసేదానిలా మనసులో ఒక్కొక్క వరస ముందు పెట్టుకుంటూ పోయాను, ఆయన వచ్చి దాని మీద అడుగు వేస్తూ పోయారు. మూడో వరసలో పొడుగు స్వరం ఉండాలి. ఉంది. ఐదో వరసలో ఉన్నట్టుండి కిందికి దూకాలి. దూకారు. మొదటి సున్నా ఉన్న చోటు వచ్చింది. ఆయన నోట్లోంచి టక్కుమని చిన్న చప్పుడు వచ్చింది. కట్టుడు పళ్ళు కదిలి మళ్ళీ కూర్చున్న చప్పుడు.

ఏడు సున్నాలు. ఏడుసార్లు టక్కుమంది.

పేజీన్నర అయిపోవస్తుంటే నాకు వేరే భయం పట్టుకుంది. అక్కడ నా రాత ఆగిపోయింది, ఖాజా చెయ్యి వేసిన చోట. అక్కడికి వచ్చాక ఈయన కూడా ఆగిపోతారేమో, ఇక ఎప్పటికీ ఇంతేనేమో అనిపించింది. ఆఖరి వరస వచ్చింది. ఆఖరి స్వరం వచ్చింది. మాస్టర్ ఊపిరి తీసుకున్నారు, ముందుకి వెళ్ళిపోయారు. ఇంకో పావుగంట ఊదారు. అందులో ఒక్క స్వరం కూడా నాకు తెలియదు. నోట్‌బుక్ ఒళ్ళోనే ఉంది, రాయలేదు. కళ్ళు తుడుచుకుని నా దస్తీ తడిసిపోయింది.

అనుమానాలు ఉంటాయి. నాకూ ఉన్నాయి, అన్నీ చూశాను. మాస్టర్ ఎప్పుడైనా నా హార్మోనియం విన్నారా? ఆయన మా ఇంటికి ఒక్కసారి కూడా రాలేదు. విక్టర్ విన్నాడు, పక్క గదిలోంచి. వాడు గిటార్ మీద దారి చూపిస్తే మాస్టర్ ఆ దారి పట్టారా? ఆ రోజు టేపు ఉంది. బేస్ అడుగడుగునా మాస్టర్ వెనకే వస్తుంది, ముందు ఎక్కడా లేదు. ఆ రాత్రి పాత నోట్‌బుక్ ముందు పెట్టుకుని వాడూ నేనూ టేపు విన్నాం. పేజీన్నరలో రెండు స్వరాలు తేడా. అది నా తప్పో ఆయన తప్పో తెలియదు. వాడు ఈసారి నవ్వలేదు. లేచి టేపురికార్డర్ ప్లగ్గు తీసేశాడు.

తర్వాత చేర్చానని ఎవరైనా అంటే, అడ్డగీత కింద సోమవారం డిక్టేషన్ ఉంది. నేను రిటైరయ్యేదాకా ఆ ఉత్తరం ఫైల్లో ఉండటం చూశాను. పళ్ళ చప్పుడు ముందే ఊహించి రాశానని అంటే, అప్పటికి ఆయన నోట్లో ఉన్నది సొంత పళ్ళు.

మాస్టర్‌కి మాత్రం ఏమీ చెప్పలేదు. విక్టర్‌నీ చెప్పనివ్వలేదు. ఆయన షరతు ఒకటి ఉంది, నిజమే. కానీ అసలు కారణం అది కాదు. ఆ ఆదివారం ఊదటం అయ్యాక ఖాజా చాయ్ తెచ్చాడు. మాస్టర్ కప్పు పట్టుకుని చాలాసేపు తాగకుండా కూర్చున్నారు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి, మిగతావాళ్ళకి వినపడకుండా అడిగారు.

"సుగుణమ్మా, నువ్వు అన్నీ రాసుకుంటవ్ గదా. జర నిజం చెప్పు. గిది నేను ఇంతకుముందు ఎన్నడన్న ఊదిన్నా? ఎక్కడ్నో ఉన్నదాన్నే ఊదుతున్నట్టనిపిచ్చింది."

ఆ ముఖం చూశాను. రెండేళ్ళు గిలక ఊపిన మనిషి. ఔ అంటే ఇదీ ఫర్మాయిషే అనుకుని ఆయన ఆ వాయిద్యం మళ్ళీ ముట్టుకోరని నాకు తెలుసు.

"లేదు మాస్టర్, ఎన్నడూ ఊదలేదు" అన్నాను.

"ఐతే మంచిదే" అని చాయ్ తాగారు. ఆ తర్వాత ఐదేళ్ళు, పోయే ముందు ఆషాఢం దాకా ఊదారు.

నేను చెప్పింది అబద్ధం కాదు. ఆయన దాన్ని అంతకుముందు ఎన్నడూ ఊదలేదు. మరి రెండేళ్ళ ముందు ఆ గదిలో కూర్చుని నేను ఎవర్ని విని రాశానో, నాకు ఇవాళ్టికీ తెలియదు.